ముందు ఆరనివ్వండి
చెక్క పెన్నుల తయారీలో అందరి కళ్లూ రంగు మీదే; నా ఓటు మాత్రం తడి ఆర్చడానికే. మచ్చలు పడి మెత్తబడిన మామిడి ముక్కను మూసిన పాత్రలో రంగు కలిపిన రెజిన్‌లో ముంచి, గాలి లాగేస్తే బుడగలు నురగలా పొంగుతాయి. అవి ఆగాక గాలిని మళ్లీ లోపలికి వదిలితే రెజిన్ చెక్క రంధ్రాల్లోకి దూరుతుంది. సుమారు 95 డిగ్రీల సెల్సియస్ వేడికి గట్టిపడుతుంది. ఆ రంధ్రాల్లో ముందే చెమ్మ తిష్ఠ వేస్తే రెజిన్‌కు చోటేదీ? లేత్ మీద చెక్కాక తెలుస్తుంది: పైన నెమలికంఠం రంగు, లోపల పాత గోధుమరంగే. అందుకే ముక్కను ఓవెన్‌లో పెట్టి, తీసి తూచి, బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టాలి. ఏటికొప్పాక బొమ్మల్లోనూ అంకుడు కర్ర ఆరాకే లక్క ఎక్కుతుంది. రంగు డబ్బాలో దొరుకుతుంది, ఓపిక దొరకదు.