పొట్ట మీది... సంతకమూ మీదే!

"చిన్న చిన్న రంధ్రాలేనన్నారు. తీరా చూస్తే పొట్టమీద జానెడు కుట్లు!" గాల్ బ్లాడర్ ఆపరేషనయిన ఇళ్లలో అప్పుడప్పుడూ వినిపించే మాటే ఇది. వెంటనే డాక్టరు మీద అనుమానం. కానీ ప్రతిసారీ తప్పు డాక్టరుదేనా?

గాల్ బ్లాడర్‌లో రాళ్లు మగవాళ్లకన్నా ఆడవాళ్లలోనే ఎక్కువ. మన దేశంలో 1990లో బొంబాయిలో డాక్టర్ టెహెమ్‌టన్ ఉద్వాడియా మొదలుపెట్టిన కీహోల్ పద్ధతి ఇప్పుడు చిన్న పట్టణాలకూ వచ్చేసింది. మూడు నాలుగు చిన్న గాట్లు, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి.

అయితే లోపల అందరికీ ఒకేలా ఉండదు. తల్లి కడుపులో ఉండగానే కొందరికి రెండు గాల్ బ్లాడర్లు ఏర్పడతాయి. ఇది దాదాపు 4 వేలమందిలో ఒకరికి. కొందరికి ఎడమవైపు ఉంటుంది. మరికొందరికి అసలే ఉండదు! ఇవి అరుదే. పైత్యరసం గొట్టాల్లో, రక్తనాళాల్లో తేడాలు మాత్రం అంత అరుదు కాదు. స్కానింగ్‌లో అన్నీ తెలియవు. గాల్ బ్లాడరే లేనివాళ్లకు 'ముడుచుకుపోయింది' అని రిపోర్టు వచ్చిన సందర్భాలూ ఉన్నాయి.

ప్రమాదమంతా ఇక్కడే. గాల్ బ్లాడర్ గొట్టమనుకుని కాలేయం నుంచి పేగుకు వెళ్లే ప్రధాన గొట్టాన్ని కోస్తే కామెర్లు, ఇన్‌ఫెక్షన్, మళ్లీ పెద్ద ఆపరేషన్. అందుకే అనుమానం రాగానే ఆగిన డాక్టరు, పెద్ద గాటు పెట్టి చూసిన డాక్టరు ఓడిపోయినట్టు కాదు. మనల్ని కాపాడినట్టు.

మరి ఆ నిర్ణయానికి ఒప్పుకోవాల్సిందెవరు? 2008 జనవరిలో సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పింది. ఢిల్లీలో ఒకామెకు పరీక్ష కోసమని మత్తిచ్చి, తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. అది చెల్లదంది కోర్టు. ప్రాణాపాయం లేనప్పుడు ఆమె మేలుకునేదాకా ఆగి, ఆమెనే అడగాలి.

మనిళ్లలో జరిగేదేమిటి? కాగితం ఆయన చేతికిస్తారు, ఆయన చదవకుండానే సంతకం పెట్టేస్తారు. అలా కాదు. ముందురోజే మీరే అడగండి: "లోపల తేడాగా ఉంటే ఏం చేస్తారు? పెద్ద గాటు పెట్టాల్సొస్తుందా? ఖర్చెంత పెరుగుతుంది?" ఆపరేషనయ్యాక లోపల ఏం కనిపించిందో డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి. రేపు మరో డాక్టరుకు అదే దారి చూపిస్తుంది.

అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడకండి. కోత పడేది మీ ఒంటికే కదా!