చలువ కొట్టమునకు కొనబోవు స్తంభము

మన రాజపాళయపు సొసైటీ చలువ కొట్టములో లేచు క్లోరినును పట్టుటకు ఒక స్క్రబ్బరు కొనవలెనని పాలకవర్గము నిశ్చయించినది. సంతోషమే. ఆసుపత్రి కట్టుగుడ్డను హైపోక్లోరైటులో తెల్లబరచి, పిమ్మట పలుచని ఆమ్లపు తొట్టిలో ముంచునపుడు గుడ్డలో మిగిలిన మందు విరిగి క్లోరిను లేచును. అది గాలికంటె రెండున్నర రెట్లు బరువు; పైకి పోదు. తొట్టిపై వంగి పనిచేయు ఆడవారి ముఖములకే తగులును. పెరాక్సైడుకు మారినవారికి ఈ బాధ లేదు. మనకు ఆ యోగమింకను రాలేదు.

తక్కువ ధర పలికిన వ్యాపారి 60 సెంటీమీటర్ల వ్యాసముగల స్తంభము చూపి, వెడల్పు తగ్గినను ఎత్తు ఎక్కువ గదా అని నచ్చజెప్పినాడు. సభ్యులు కొందరు తలలూపినారు. మేము ఒప్పుకొనలేదు. తువ్వాలును ఎంత పొడవు నేసినను దుప్పటి కాదు.

స్తంభము నిండ ప్లాస్టిక్ రింగులుండును. పైనుండి కాస్టిక్ సోడా నీరు వాటిమీదుగా జారును, క్రిందినుండి చెడుగాలి ఎక్కును. వెడల్పును నిర్ణయించునది గాలి పరిమాణమే. మన ఫ్యాను సెకనుకు అర ఘనమీటరు లాగును. ఆ గాలి సెకనుకు 1 మీటరు వేగమున పోవలెనన్న 80 సెంటీమీటర్ల వ్యాసము కావలెను. 60లో అదే గాలి ఇంచుమించు ఒకటిముప్పావు మీటరు వేగమున తోసుకొనిపోవును. వేగము హద్దు మీరిన నీరు క్రిందికి దిగక రింగులలోనే నిలిచి పొంగును. ఆ రింగులు ఎంత వేగమునకు ఓర్చునో వ్యాపారి చెప్పనే లేదు.

ఎత్తు పని వేరు. మొదటి మీటరు నూటికి తొంభై పాళ్లు పట్టెననుకొందము. రెండవది మిగిలిన పదిలో తొమ్మిది పట్టును. ఎంత శుభ్రము కావలెనో దానినిబట్టి ఎత్తు.

1984 డిసెంబరులో భోపాల్ ఫ్యాక్టరీలోను కాస్టిక్ స్క్రబ్బరు ఉండెను. ఆ రాత్రి అది నడుచుటలేదు. నడిచినను అంతటి వాయువుకు చాలునట్లు కట్టినది కాదు. మనది చిన్న కొట్టమే గాని, కొలత తప్పు తప్పే.

మరొక మాట. కిలో క్లోరినుకు లెక్కప్రకారము సుమారు 1.13 కిలోల కాస్టిక్ ఖర్చగును. సోడా అయిపోయిన స్తంభము వట్టి గొట్టము. వాడిన నీటిలో మరల హైపోక్లోరైటే ఉండును గనుక, దానిని ఆమ్లపు తొట్టి కాలువలో కలిపిన క్లోరిను తిరిగి లేచును. కాలువలు వేరుచేయుటకు అంచనాలో పైసా చూపలేదు.

గాలి, వేగము, ఎత్తు, సోడా లెక్కలు కాగితముమీద వచ్చువరకు అడ్వాన్సు చెక్కుపై మేము సంతకము చేయము.