ముప్పది ముగ్గులు, ఒక్క పటము



ఫోనులో వేలకొలది ఛాయాచిత్రములు పేరుకొనిపోయినవనియు, వానిని తిరిగి చూచువారే లేరనియు, వానినేమి చేయవలయుననియు ఒక సోదరి యడిగినది. నేను చేసిన పని యొకటి చెప్పెదను. అది జర్మనీ దేశపు ఆలుమగలను చూచి నేర్చినది.

బెర్న్డ్ బెఖర్ అనునాతడు మొదట చిత్రలేఖకుడు. తన సీమయందలి పాత గనుల కట్టడములను గీతలతో వ్రాయబూనెను. కాని బొమ్మ ముగియకమునుపే వానిని పడగొట్టుచుండిరి. అందుచేత కెమేరా పట్టవలసి వచ్చెను. ఆ విద్యలో క్రమమైన శిక్షణ పొందినది మాత్రము హిల్లా. వీరిరువురును 1959లో కలసి పని మొదలిడి, 1961లో వివాహమాడిరి. నీళ్ల ట్యాంకులు, బొగ్గుగనుల మీది గిరకల గోపురములు, ఇనుము కరగించు కొలుములు, ఇవియే వారి వస్తువులు. ఎండయు నీడయు లేని మబ్బుదినము చూచుకొని, ప్రతిదానికిని ఒకేతీరున నెదురుగా నిలిచి, నలుపు తెలుపులలో తీయుదురు. పిదప ఒక్కజాతి కట్టడముల నన్నిటిని గళ్ళుగళ్ళుగా వరుసదీర్చుదురు. నీళ్ల ట్యాంకును చూచి ముచ్చటపడువా రెవరు? అయినను పదునైదింటిని ప్రక్కప్రక్కన నుంచినపుడు దేని కాళ్ళు దానివి, దేని టోపీ దానిది. 1990లో వెనిస్ నగరపు ప్రదర్శనమున వీరికి స్వర్ణసింహ బహుమానము లభించినది. తమాషా యేమన, అది శిల్పమున కిచ్చు బహుమానము! భర్త 2007లోను, భార్య 2015లోను గతించిరి. ఇద్దరు చేసిన పనికి ఇద్దరి పేరును నిలుచుట నాకు మిక్కిలి నచ్చినది. అట్లు జరుగుట యరుదు గదా.

మా వీధిలో గనులు లేవు, కొలుములు లేవు. కాని తెల్లవారి పుట్టి యెనిమిది గంటలకు బండిచక్రముల క్రింద పడి చెడునది యొకటి ప్రతి వాకిటను గలదు. బెజవాడ సత్యనారాయణపురములో మేమద్దెకున్న యింటిముందు ధనుర్మాసమంతయు మా యత్తగారే ముగ్గు వేయుదురు. వారిది దివిసీమ. 1977 నవంబరు 19వ తేదీనాటి యుప్పెనలో సుమారు 10,000 మంది పోయిరి. వారి తల్లియు అందులోనే పోయినది. ఇల్లును పోయినది, గోడనున్న చిత్రములును పోయినవి. ఆమె ముఖ మెట్టిదో మాకు చూపుటకు పటమొక్కటియు లేదు. ఆమె నేర్పిన ముగ్గులు మిగిలినవి.

వానిని పుస్తకమున వేయుమని యెన్నిమారులడిగినను, “కాగితం మీద నాకు రాదే అమ్మాయీ. నేలమీదైతే చెయ్యి దానంతటదే పోతుంది” అనెడివారు. కావున నేను ఫోను పుచ్చుకొంటిని.

నెల పట్టుటకు మునుపే రెండుదినములు అభ్యాసము చేసితిని. నిలుచుండి తీసినచో దగ్గరి చుక్కలు పెద్దవియు, దూరపువి చిన్నవియునై ముగ్గు బల్లపరుపు గాక వాలుబడినట్లు తోచును. అత్తగారు మోకాళ్ళ బాధచేత గుమ్మము వైపున పీట వేసికొని, కదలక, రెండడుగుల మేర ముగ్గు వేయుదురు. వారు లేచిన వెంటనే నేను అదేచోట ఎత్తుపీట వేసికొని యెక్కి, చేతులు చాచి, ఫోను నేలకు సరిగా సమముగ పట్టుదును. తెరమీద గళ్ళగీతలు కనబడునట్లు చేసికొన్న యెడల నడిచుక్క నడుమనే నిలుచును. కళ్ళాపి తడి యారకముందు, ఎండ వాకిట పడకముందు తీయవలెను. తడినేల నల్లగ నుండుటచే పిండిగీత తేటపడును. చోటు మారరాదు, వైపు మారరాదు. ఈ నియమము నేను హిల్లా బెఖర్ నుండి యెరువు తెచ్చుకొన్నది.

సంక్రాంతినాటికి ముప్పది చిత్రములైనవి. ఒక్కొక్కటి 3 అంగుళముల చదరముగ స్టూడియోలో ముద్రింపించితిని. 22 అంగుళముల పొడవు, 19 అంగుళముల వెడల్పు గల దళసరి యట్ట తీసికొని, అడ్డముగ ఆరు, నిలువుగ ఐదు గళ్ళు పెన్సిలుతో గీచి, గడికిని గడికిని నడుమ పావుఅంగుళము విడిచితిని. మైదాజిగురు వాడకుడు, పురుగు పట్టును. రెండువైపుల నంటు టేపు మేలు. అంటించుటకు ముందు అట్ట నేలమీద పరచి అన్నిటిని ఊరక పేర్చి చూడవలెను. నేను మొదట జాతినిబట్టి పేర్చితిని, మెలికలొకచోట, తామరలొకచోట, రథములొకచోట. అత్తగారు చూచి, “ఏ రోజుది ఆ రోజు వరసలో పెట్టవే” అనిరి. మరల పేర్చితిని.

అప్పుడు మా చిన్నది వంగి చూచి, “అమ్మా, అన్నిటికీ ఈ మూల ఎందుకు విప్పి ఉంది?” అని యడిగినది. చూతును గదా, పదునేడు ముగ్గులలో క్రింది కుడిమూల గీత కలియలేదు. కొన్నింట చివరి చుక్కయే లేదు. ఏ రోజుకారోజు చూచినపుడు తొందరలో మరచినారని యనుకొంటినో, అసలు గమనింపనే లేదో! అత్తగారు నమ్మలేదు. “నేను కలిపానే” అని వ్రేలితో చిత్రముమీద వెదకిరి.

మరునాడు కంటివైద్యునికడకు తీసికొనిపోతిమి. నీటికాసులనిరి. రెండు కన్నులందును చూపు అంచున తరిగినదట. నొప్పి లేదు, ఎఱ్ఱదనము లేదు, ఎదుటి వస్తువు చక్కగ కనబడును, అందుచేతనే రోగికి తెలియదట. పోయినచూపు తిరిగి రాదు. చుక్కలమందు విడువక వేసిన మిగిలినది నిలుపుకొనవచ్చును. నలువది దాటిన వారందరును, ఇంట నెవరికైన ఈ జబ్బున్నవారు మరింత ముందుగను, కంటి పరీక్ష చేయించుకొనవలెనని చెప్పిరి. మా వారును చేయించుకొనిరి.

ఆ తెగిన గీతలను ఫోనులోనే కలిపి మరల ముద్రింపవచ్చునట. మా వారు ఆ మాట యనగా అత్తగారు కొంతసేపూరకుండి, “అక్కర్లేదు, ఉన్నవి ఉన్నట్టే పెట్టు” అనిరి. అట్లే యంటించితిని. పటము నడవలో వ్రేలాడుచున్నది. మందు వేయు వేళకు ఆమె దానిక్రిందనే కూర్చుండి తలయెత్తుదురు.