రాతిపువ్వుకు ఊరూ పేరూ కావాలి

మన వంటిళ్ళలో బిర్యానీకి సువాసననిచ్చే రాతిపువ్వు పువ్వు కాదు, మొక్క అంతకన్నా కాదు. అది లైకెన్, అనగా శిలీంధ్రమూ శైవలమూ కలిసి చేసే కాపురం. శైవలం సూర్యరశ్మితో ఆహారం తయారుచేస్తే, శిలీంధ్రం గూడు కట్టి తేమను కాపాడుతుంది. 1867లో స్విస్ శాస్త్రజ్ఞుడు ష్వెండెనర్ ఈ సంగతి చెప్పినప్పుడు తోటి పండితులు పలువురు అంగీకరించలేదు.

లైకెన్లలో ఆకులవలె పరచుకొనే వర్గానికి చెందినది రాతిపువ్వు. దాని దాయాదులు అమెరికాలో మన పెరటి చెట్లపైనే ఉన్నాయి. తూర్పు రాష్ట్రాల ఓక్ చెట్ల బెరడుపై లేత ఆకుపచ్చ బిళ్ళలుగా కనిపించేది ఫ్లేవోపార్మీలియా. పసిఫిక్ వాయవ్య ప్రాంతపు ముదురు అడవులలో డగ్లస్ ఫర్ కొమ్మలపై పెరిగే లోబారియా ఒరెగానా, గాలిలోని నత్రజనిని గ్రహించి అడవికి ఎరువుగా అందిస్తుంది. పశువుల కొట్టాల చెంత అమోనియాను ఓర్చుకొనే నారింజరంగు జాంథోరియా వర్ధిల్లుతుంది.

ఈ తేడాలకు కారణమున్నది. లైకెన్లకు వేళ్ళు లేవు; గాలి, వాన తెచ్చినదే వాటికి ఆధారం. గంధకపు పొగకు అనేక జాతులు నశిస్తాయి. పారిస్ లక్సెంబర్గ్ ఉద్యానంలోని లైకెన్లను బట్టి గాలి స్వచ్ఛతను అంచనా వేయవచ్చునని నీలాండర్ 1866లోనే సూచించాడు. అమెరికా అటవీశాఖ కూడ ఈ పద్ధతిని అనుసరించింది. కనుక చెట్టు పచ్చగా ఉన్నదా అన్నది కాదు, దానిపై ఏయే జాతులున్నవన్నదే ప్రశ్న.

ఇదే ప్రశ్న మసాలా పొట్లానికీ వర్తిస్తుంది. రాతిపువ్వు పొలంలో పండే పంట కాదు. హిమాలయాలలో, పడమటి కనుమలలో చెట్లనుండి, రాళ్ళనుండి ఏరి తెచ్చేది. ఇటువంటి లైకెన్లు ఏటికి కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతాయి. ఒకే పొట్లంలో పార్మోట్రీమాతోబాటు ఇతర జాతులూ కలిసి ఉంటాయి. రసాయనికంగా అవన్నీ ఒకటి కావు. లైకెన్లలో దొరికే ఉస్నిక్ ఆమ్లపు లవణం కలిసిన బరువు తగ్గించే మాత్రలు కాలేయానికి హాని చేస్తున్నాయని 2001లో ఎఫ్.డి.ఏ. హెచ్చరించింది. తెలియని లైకెన్లను పెరటి చెట్లనుండి గీకి వంటలో వేయరాదనడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

కుండెడు బిర్యానీలో చిటికెడు రాతిపువ్వుకు ఇంత చర్చ ఎందుకని కొందరనవచ్చు. చిటికెడు వంటకు హాని జరుగుతుందని నేననను. కాని వేల కుండల చిటికెలు కలిస్తే అడవి బెరడు బోసిపోతుంది. ఏ జాతి, ఏ అడవిది అన్న రెండు మాటలు పొట్లంపై అచ్చువేయడం వర్తకులకు పెద్ద భారం కాదు. కొనే మనం అడిగితేనే వారు వేస్తారు. పేరు లేనిది తరిగిపోయినా లెక్కకు రాదు.