మంచమెక్కిన నర్సమ్మ

ఊరగాయల నిలువను గూర్చి యీ నెల వ్రాసెదనని పోయిన నెలలో మాట యిచ్చితిని. ఆ మాట తప్పుచున్నందులకు మన్నింపుడు. మా ప్రక్కవాటాలోని నర్సుగారు బరువు తగ్గుటకై శస్త్రచికిత్స చేయించుకొని నేటికి నలువది దినములైనది. ఈ దినములలో నేను తెలిసికొన్నదియు, అంతకు మున్ను తప్పుగా తలంచినదియు మీకు చెప్పక యుండజాలకున్నాను. ఆమె యనుమతి గైకొనియే వ్రాయుచున్నాను. పేరు మాత్రము వలదనెను.

ఆమె నాకంటె ఎనిమిదేండ్లు పెద్ద. అక్కయ్యగారని పిలుతును. పందొమ్మిదేండ్లుగా శస్త్రచికిత్స వార్డులోనే పని. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 98 కిలోలు. మధుమేహము, మోకాళ్ళ నొప్పులు. కిలోల బరువును మీటర్ల యెత్తుచే రెండుమారులు భాగించినచో బాడీ మాస్ ఇండెక్సు అను అంకె వచ్చును. మావారు బడిలో లెక్కలు చెప్పువారు గదా, పలకమీద వేసి 41కి కొంచెము తక్కువ యని తేల్చిరి. ఈ యంకె 40 దాటినవారికిని, మధుమేహాది వ్యాధులున్నచో 35 దాటినవారికిని శస్త్రచికిత్స తగునని 1991లో అమెరికా వైద్యులు నిర్ణయించిరి. 2022లో శస్త్రవైద్య సంఘములు ఆ హద్దును 35కు దింపి, తక్కువ లావునకే మధుమేహము వాతబడు ఆసియా వారికి 27.5 నుండియే చేయవచ్చుననినవి.

ఏ లెక్కను జూచినను ఆమెకు చికిత్స తగినదే. అయినను రెండేండ్లు వెనుకాడెను. ఒకనాడు ఒక రోగికి పథ్యము చెప్పుచుండగా అతడు, “ముందు నీ సంగతి చూచుకొనుమమ్మా!” అనెనట. వార్డంతయు నవ్వెను. ఆ పూట ఆమె అన్నము ముట్టలేదు. తోడి నర్సులు “నోరు కట్టుకొనలేక కడుపు కోయించుకొన్నది” యందురని ఆమె భయము. “చెల్లీ! పిత్తాశయములో రాళ్ళని చెప్పి సెలవు పెట్టెదను” అని నాతో ననెను.

నేను మాత్రము తక్కువదాననా? ఆ మాట నోట ననలేదు గాని మనస్సున ననుకొన్నదాననే. నా చిన్ననాడు మా నాయనగారు చరకసంహిత చెప్పించిరి. అందు అష్టౌనిందితీయాధ్యాయములో అతిస్థూలుని గూర్చి చెప్పుచు, ఆ లావునకు కారణములలో పగటినిద్రను లెక్కించిరి. ఆమె రాత్రి డ్యూటీనుండి వచ్చి మధ్యాహ్నము వరకు తలుపు మూసికొని నిద్రించుట చూచి, “చరకుడు చెప్పినది నిజమే గదా” యని మురిసితిని. ఆ పట్టికలోనే బీజస్వభావమని, అనగా తల్లిదండ్రులనుండి సంక్రమించునదని, మరియొక కారణము కూడ నున్నది. దానిని మరచితిని. రాత్రియంతయు పరుల ప్రక్కన మేల్కొనినవారు పగలు నిద్రింపక యేమి చేయుదురని కూడ తోపలేదు. అమెరికాలో 1976లో 1,21,700 మంది నర్సులతో నొక పరిశోధన మొదలిడిరి. వంతులవారీగా రాత్రి పని చేసిన యేండ్లు పెరిగినకొలది వారిలో మధుమేహము పెరిగెననియు, అందు కొంత భాగము లావెక్కుటవలననే యనియు 2011లో దానినుండి తేలినది. వారమునకొకమారు పొడుచుకొను క్రొత్త మందులు వచ్చినవి గదా యని మీరడుగవచ్చును. నేనును అడిగితిని. అవి మానినచో బరువు చాలవరకు మరల వచ్చుననియు, నెలనెల ఆ వెల తన జీతమునకు మించినదనియు చెప్పెను.

ఆమెకు చేసినది స్లీవు అను పద్ధతి. పొట్టపై నాలుగైదు చిన్న రంధ్రములు చేసి, కెమెరాను లోనికి పంపి, జీర్ణాశయములో సుమారు ఐదింట నాలుగు పాళ్ళు తీసివేసి, మిగిలినదానిని అరటికాయ వలె సన్నని గొట్టముగా నుంతురు. ఆకలి రేపు గ్రెలిన్ అను పదార్థము ఆ తీసివేసిన భాగముననే అధికముగా పుట్టును గాన, చోటు తగ్గుటయే గాక ఆకలియు కొంతకాలము అణగును. ఏడాదిలో దేహపు బరువున నాలుగవ వంతు తగ్గుట సామాన్యము. కాని తీసినది మరల రాదు. ఇనుము, కాల్షియం, బి12, డి విటమిన్లు జీవితాంతము పుచ్చుకొనవలయును. బిడ్డలు కావలసినవారు ఏడాది, ఏడాదిన్నర వరకు ఆగవలయును.

ప్రాణాపాయము సుమారు వేయిమందిలో నొకరికి. కోత కలిపినచోట లోపల కారుట నూటికి ఒకరికి. మనకది అంకె. ఆమెకు ఆ యొక్కరు ముఖముతో కనబడుదురు. రాత్రి మూడు గంటలకు రోగి నాడి 120 దాటి కొట్టుచుండగా సర్జనుకు ఫోను చేసిన చేయి ఆమెదే గదా! అంగీకారపత్రము వందలమంది యెదుట పెట్టి సంతకము చేయించిన యామె, తనది ముప్పాతిక గంట చదివెను. శస్త్రశాలకు ముందు నగలు తీయవలయును. ముక్కుపుడక రాలేదు. “సబ్బు రాయుమని నేనే చెప్పుచుందును చెల్లీ” యని నవ్వబోయి కన్నీరు పెట్టెను. నేనే తీసి కొంగున ముడివేసికొంటిని.

ఇంక నాకు కోపము కలిగించిన సంగతి. ఆమె నర్సని తెలిసి అచ్చట నెవ్వరును ఆమెకేమియు వివరింపలేదు. “మీకు తెలియనిదేమున్నది సిస్టర్!” అని కాగితము చేతికిచ్చి పంపిరి. అడుగుటకు ఆమెకు నామోషి. ఆమె వార్డులో ఇట్టి శస్త్రచికిత్సలు జరుగవు. ఆమెకు తెలిసినది అన్య శస్త్రముల పథ్యము. ఇంటికి వచ్చిన మొదటి రాత్రి దాహమై నాలుగు గుక్కలు ఒక్కసారి త్రాగి, తెల్లవార్లు వాంతులతో మెలికలు తిరిగెను. మరునాడు ఆమె వలదన్నను నేనే సర్జనుగారికి ఫోను చేసి, ఏమియు తెలియని ఇల్లాలికి చెప్పినట్లు మొదటినుండి చెప్పుడని యడిగితిని. ఆయన మంచివారు, ఓపికగా చెప్పిరి. నేను నోటుపుస్తకమున వ్రాసికొంటిని.

మా యింటి యుగ్గుగిన్నె ముప్పది మిల్లీలీటర్లు పట్టును. మొదటివారము ఆ గిన్నెడు మజ్జిగతేటయో పెసరకట్టో పావుగంట సేపు చప్పరింపవలయును. పిదప మెత్తని పదార్థములు. నెల దాటిన తరువాత మెల్లగా ఘనాహారము. అన్నముతో నీరు త్రాగరాదు, అరగంట యెడముండవలయును. రోజునకు అరువది గ్రాములకు తగ్గకుండ మాంసకృత్తులు పోవలయును. కావున పెరుగు, గ్రుడ్లు, పప్పు ముందు, అన్నము పిమ్మట. చూడవచ్చిన చుట్టములు బూరెలు తెచ్చిరి. వారి మనస్సు నొచ్చుననియెంచి ఆమె తుంచబోగా, అత్తగారు (చికిత్స వలదని నెలరోజులు వాదించినదామెయే!) పళ్ళెము లాగికొని లోనికి పోయెను.

వచ్చు సోమవారము డ్యూటీలో చేరవలయును. రోగులను పైకెత్తు పనికి సర్జను అనుమతి యిప్పుడే దొరకినది. వార్డులో ఎనిమిది గంటలు నీరు త్రాగకుండ తిరుగుట ఆమె పాత అలవాటు. ఇకమీదట గుక్కగుక్కగా రోజంతయు త్రాగకున్న మూత్రపిండములకు ముప్పు. దానికై పెద్దనర్సుతో చెప్పక తప్పదు. పిత్తాశయపు రాళ్ళ మాట ఇక చెల్లదు. మొన్న ఫోనులో ఉన్నదున్నట్లు చెప్పెను.

నిన్న దీపాలవేళ ఆ వార్డులోని చిన్న నర్సు ఒకతె వచ్చి గుమ్మమున నిలిచెను. ఆమెయు భారీమనిషియే. “అక్కా, మీతో కొంచెము మాటలాడవలె” ననెను. తలుపు దగ్గరగా వేసికొని గంటసేపు కూర్చుండిరి. నేను రెండు గ్లాసులతో మజ్జిగ యిచ్చి వచ్చితిని.