మట్టి సేన

యుద్ధపు బొమ్మలు పిల్లలకు హింస నేర్పునని కొందఱు పెద్దలు తలంతురు. అంగడిలో కొన్న బొమ్మల మాట యెట్లున్నను, తన చేతులతో సేనను చేసి రంగులు వేయు బాలుడు నేర్చు పాఠము వేఱు.

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలు ప్రాచీన కళింగదేశములోని భాగములు. కళింగరాజునకు 60,000 కాల్బలమును, 1,000 గుఱ్ఱపుదళమును, 700 ఏనుగులును గలవని రోము దేశీయుడగు ప్లినీ వ్రాసెను. సంక్రాంతికి పెట్టు బొమ్మల కొలువులో ఈ సేనకును ఒక మెట్టు దక్కుట న్యాయము.

అయితే ఈ పనికి ఓర్పు కావలెను. కొండపల్లి పనివారు పొణికి కొయ్య బొమ్మకు చింతగింజల పిండియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో అవయవములను అతికి, సున్నపు పూత పూసిన పిదపనే రంగులు వేయుదురు. మట్టిబొమ్మకును అదియే క్రమము మేలు. బాగుగ ఆరనిచ్చి, తెల్లపూత పూసి, పెద్ద రంగులు ముందును, కనుబొమలవంటి సన్నని గీతలు చివరను తీర్పవలెను. అడుగుపలకకు జిగురు రాచి వంశధార యిసుక చల్లినచో భటుడు తన నేలమీదనే నిలిచినట్లుండును.

రంగు కంటె సత్యము ముఖ్యము. కళింగభటునకు నాటకపు రాజుల జలతారు దుస్తులు తొడుగరాదు. కొంత తరువాతి కాలమువే యైనను, సాంచీ తోరణశిల్పములను చూచి విల్లును, డాలును, తలపాగను దిద్దుట మంచిది. రౌతు పాదములకు ఇనుప రికాబులు తగిలింపరాదు. అవి ఆ కాలమున లేవు.

ఇక హింస మాట. క్రీ.పూ. 261 ప్రాంతమున జరిగిన కళింగయుద్ధమున లక్షమంది హతులైరనియు, లక్షయేబదివేలమంది చెఱగొనిపోబడిరనియు అశోకుని 13వ శిలాశాసనము చెప్పుచున్నది. పుస్తకములో లక్ష యనునది ఒక అంకె మాత్రమే. దినమునకొక బొమ్మ చొప్పున లక్ష బొమ్మలు చేయుటకు 273 ఏండ్లకు పైగా పట్టును! ఒక్క బొమ్మ చేయి విఱిగినంతనే కన్నీరు పెట్టుకొను బాలునకు ఆ లక్ష యెంతటిదో తెలియును. ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో బొమ్మ సైనికుల ఆటను గూర్చి ఒక గ్రంథము వ్రాసి, నిజమైన యుద్ధ మెంత అవివేకమో ఆ యాటయే తెలుపునని అందు చెప్పెను.

మఱియొక విశేషము కలదు. ప్రాచీన కళింగభూమియందలి ధౌళి, జౌగడ శిలలపై ఆ 13వ శాసనము చెక్కింపబడలేదు. మనుష్యులెల్లరును తన బిడ్డలేయని అశోకుడు పలికిన శాసనము అచట నున్నది. ఓడినవారి దుఃఖమును వారి యెదుట లెక్కించి చెప్పుటకు విజేతకు మనసు రాలేదు కాబోలు.

కావున బాలబాలికలు సేనను చేయుట తప్పు కాదు. కాని దాని ప్రక్కన, గుమ్మమున నిలిచి కుమారునికై యెదురుచూచు తల్లి బొమ్మ నొకదానిని కూడ నిలుపవలెను. అప్పుడే ఆ కొలువు నిండును.