పక్క రూట్‌ని పిలిచే ముందు... మీ మెసేజ్ జాగ్రత్త!

ముత్తుకూరు వైపు రొయ్యల చెరువులున్న ఇళ్లలో పెరిగినవాళ్లకి ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. అందరూ ఒకే ఉప్పుటేరు నీళ్లు తోడుకుని, మళ్లీ అందులోకే వదిలితే ఒకరి చెరువులో పుట్టిన జబ్బు ఇంకొకరి చెరువులో తేలుతుంది. 1994-95లో తెల్లమచ్చల వ్యాధి నెల్లూరు తీరాన్ని దెబ్బతీసినప్పుడు రైతులు నేర్చుకున్న పాఠమిది. అందుకే నీటిని ముందు వేరే చెరువులో నింపి, శుద్ధి చేశాకే సాగుకి పెట్టే పద్ధతి వచ్చింది.

ఇంటిగ్రేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఉద్యోగం వెతుక్కుంటున్న నెల్లూరు, కావలి, గూడూరు ఇంజినీరింగ్ విద్యార్థులకి నేను చెప్పదలచుకున్నదీ ఇదే. మీరు రాసే రూట్లలో పారేది కూడా ఉమ్మడి నీరే.

ఎర్రర్ లేదు... ఆర్డరూ లేదు!

నా మొదటి ఉద్యోగంలో ఓ రొయ్యల ఎగుమతి సంస్థ ఆర్డర్లను షిప్పింగ్ సిస్టమ్‌కి చేర్చే రూట్ రాశాను. మధ్యలో డాలర్ రేటు కావాల్సి వచ్చింది. అది తెచ్చే రూట్ వేరే టీమ్ దగ్గర ముందే ఉంది. ‘ఉన్నదాన్ని వాడుకుంటే పోలా’ అనుకుని ఒక్క లైన్‌తో పిలిచేశాను. రేటు వచ్చింది, ఆర్డర్ పోయింది! మెసేజ్ బాడీలో ఆర్డర్ స్థానంలో రేటు కూర్చుంది. లాగ్‌లో అంతా ‘సక్సెస్’. పొద్దున కాగితాలు తయారుకాలేదని ఫోనొచ్చేదాకా మాకు తెలియనే లేదు. చల్లగా ఉండాల్సిన కంటైనర్ యార్డులో కరెంటు ఛార్జీలు లెక్కేసుకుంటూ కూర్చుంది. తప్పు ఆ టీమ్‌ది కాదు. వాళ్ల రూట్ తన పని తాను చేసింది. అడక్కుండా నా మెసేజ్ వాళ్ల చేతిలో పెట్టింది నేనే.

ఎందుకిలా అవుతుంది?

2007లో మొదలైన అపాచీ క్యామెల్‌నే తీసుకోండి. ఇందులో ‘డైరెక్ట్’తో ఇంకో రూట్‌ని పిలిస్తే కాపీ వెళ్లదు, మీ ఎక్స్ఛేంజే వెళ్తుంది. అవతలి రూట్ బాడీ మార్చినా, హెడర్ చేర్చినా, తీసేసినా ఆ మార్పులతోనే మీ దగ్గరికి తిరిగొస్తుంది. హెచ్‌టీటీపీ కాల్స్‌లో ఇది మరీ ప్రమాదం. లోపలి రూట్ పెట్టిన ‘క్యామెల్ హెచ్‌టీటీపీ యూఆర్ఐ’ హెడర్ మిగిలిపోతే మీ తర్వాతి కాల్ మీరు రాసిన చిరునామాకి కాక ఆ హెడర్ చెప్పిన చోటికి పోతుంది.

దారులున్నాయి. ‘ఎన్‌రిచ్’ వాడితే అసలు మెసేజ్ మీ దగ్గరే ఉండి కాపీ వెళ్తుంది. వచ్చిన జవాబులోంచి ఏం కలుపుకోవాలో మీరు రాసే అగ్రిగేషన్ స్ట్రాటజీ తేలుస్తుంది. అది రాయకుండా వదిలేస్తే మాత్రం బాడీ మళ్లీ మారిపోతుంది. జవాబు అక్కర్లేని ఆడిట్ లాంటి పనులకి ‘వైర్ ట్యాప్’ ఉంది. 2024లో వచ్చిన క్యామెల్ 4.4 నుంచి జవాబుని నేరుగా ఒక వేరియబుల్‌లోకి తీసుకోవచ్చు. అప్పుడు మీ బాడీ, హెడర్లు కదలవు.

‘అయితే ప్రతిసారీ కాపీ చేసేస్తే సరిపోతుందిగా?’ అంటారా... సరిపోదు. వైర్ ట్యాప్ చేసేది పైపై కాపీయే. బాడీలో ఉన్న జావా ఆబ్జెక్ట్ రెండింటికీ ఒక్కటే. ఒకరు దాన్ని మారిస్తే ఇద్దరికీ మారుతుంది. పోనీ పూర్తి కాపీ తీద్దామంటే పెద్ద ఫైళ్ల దగ్గర మెమరీ తినేస్తుంది. ఇక అవతలి రూట్ డేటాబేస్‌లో రాసినా, ఎవరికో ఎస్సెమ్మెస్ పంపినా ఏ కాపీ దాన్ని వెనక్కి తీసుకురాలేదు. రీట్రై జరిగితే అదే ఎస్సెమ్మెస్ రెండోసారి పోవచ్చు. అలాంటిచోట ఒకే మెసేజ్‌ని రెండుసార్లు పట్టించుకోని ‘ఐడెంపొటెంట్ కన్స్యూమర్’ కావాలి. అందుకే ముందు తెలుసుకోవాల్సింది టూల్ గురించి కాదు, ఆ రూట్ ఏమేం ముట్టుకుంటుందో.

కోర్సులు చెప్పని పని

చాలా శిక్షణ కోర్సుల్లో ఎన్ని కనెక్టర్లు కలపొచ్చో చూపిస్తారు. కలిపాక ఏం చెడుతుందో చెప్పరు. రెజ్యూమెలో ఇరవై కనెక్టర్ల పేర్లు రాసేకంటే ఈ ఒక్క విషయం సొంతంగా చేసి చూడటం మేలని నా అభిప్రాయం. క్యామెల్ ఉచితమే. ఈ ఆదివారం రెండు చిన్న రూట్లు రాయండి. ఒకటి రెండోదాన్ని పిలవాలి. పిలవకముందు, పిలిచాక బాడీ, హెడర్లు ఒకేలా ఉన్నాయో లేదో చూసే టెస్ట్ రాయండి. మొదట డైరెక్ట్‌తో ఫెయిల్ అవనివ్వండి, తర్వాత ఎన్‌రిచ్‌తో పాస్ చేయండి. ఇంటర్వ్యూలో ‘ఏం ప్రాజెక్ట్ చేశావ్?’ అన్నప్పుడు ఈ రెండు రూట్ల కథ చెప్పండి చాలు.

మీరే వేరేవాళ్లు పిలిచే రూట్ రాస్తుంటే ఇంకో బాధ్యత ఉంది. ఏం తీసుకుంటుంది, ఏం తిరిగిస్తుంది, బయట ఏం మారుస్తుంది... మూడు లైన్లు పైన రాసిపెట్టండి. పని అయ్యాక మీరు పెట్టిన హెడర్లు మీరే తీసేయండి.

మన చెరువు నీళ్లు వదిలేముందు కింద ఇంకో చెరువుందని గుర్తుంచుకోవడం ఈ తీరంలో పుట్టినవాళ్లకి ఎవరో నేర్పాల్సిన పని కాదు. కీబోర్డు ముందు కూర్చున్నప్పుడు కూడా అది మర్చిపోకండి.